పాత కారు – పాఠ్యపుస్తకము

చదువుకొన్నవారికిని చేతిపని చేయువారికిని నడుమ మన సమాజమున ఒక గోడ కలదు. ఆ గోడ ఎంత ఎత్తైనదో మాకు ఒక పాత కారు తెలియజేసినది. ఆ సంగతిని విద్యార్థులకును, కళాశాల కార్యవర్గమువారికిని విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

అంబాసిడర్ కారును ఎరుగని తెలుగువారు అరుదు. బ్రిటిషువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనా ననుసరించి పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన ఆ కారు, 2014లో ఉత్పత్తి నిలిచిపోవు వరకును మంత్రుల ముంగిళ్లలోను, టాక్సీ స్టాండులలోను నిలిచి దర్శనమిచ్చెడిది. నేడు అక్కడక్కడ మాత్రమే మిగిలియున్నది. మా మిత్రులొకరి ఇంట అట్టి కారొకటి కలదు. ఒకనాడు ఉదయము అది కదలక మొండికేసినది. తాళము త్రిప్పగా స్టార్టరు మోటారు ఒక్క మూల్గు మూల్గి ఊరకుండెడిది.

మొదట చూచినవారు బ్యాటరీ పోయినదనిరి. క్రొత్తది వేయించిరి, కారు కదలలేదు. తరువాత చూచినవారు స్టార్టరు అరిగినదనిరి. దానిని విప్పి బాగుచేయించిరి, అప్పుడును కదలలేదు. రెండు పర్యాయములు ధనము వ్యయమైనది. దోషము మాత్రము ఉన్నచోటనే ఉండెను.

ఒక సాయంకాలము అధ్యాపకులము నలుగురము ఆ కారు చుట్టును చేరితిమి. భౌతికశాస్త్ర మిత్రులు మల్టీమీటరు తెచ్చిరి. బ్యాటరీ రెండు ధ్రువముల నడుమ 12.6 వోల్టులు చూపినది. ఒక్కొక్క సెల్లుకు సుమారు 2.1 వోల్టుల చొప్పున ఆరు సెల్లులు గల బ్యాటరీ, పూర్తిగా ఛార్జియై విశ్రాంతిగా నున్నప్పుడు చూపవలసిన లెక్క అదియే. పెద్ద దీపములు వేసి చూచితిమి. అవి చక్కగా వెలిగినవి. కనుక స్టార్టరే మరల చెడినదని మేము తీర్పు చెప్పితిమి.

అంతలో మా కళాశాలలో బి.యస్‌సి. రెండవ సంవత్సరము చదువుచున్న విద్యార్థి యొకడు ఆ దారిని పోవుచు ఆగెను. అతని తండ్రి కార్లకు కరెంటు పని చేయు మిస్త్రీ. దీపములు వెలుగుచుండగానే తాళము త్రిప్పుమని అతడు కోరెను. స్టార్టరు మూల్గినది గాని దీపములు అంతగా మందగించలేదు. అతడు చోక్ తీగను వ్రేళ్లతో తాకి, చేయి చటుక్కున వెనుకకు తీసికొనెను. అది కాలుచుండెను.

"సార్, కరెంటు పోయే దారి ఉంది, తిరిగొచ్చే దారి లేదు. ఇంజనుకు ఎర్త్ అందడం లేదు" అని అతడు చెప్పెను.

ఈ మాటలోని శాస్త్రమును కొంచెము విప్పి చెప్పుట అవసరము. ఇట్టి కార్లలో ప్రతి పరికరమునకును రెండేసి తీగలుండవు. విద్యుత్తు పోవుటకు తీగ. తిరిగి వచ్చుటకు కారు ఇనుప దేహమే దారి. కాని ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుండును. రబ్బరు విద్యుత్తును పోనీయదు. అందుచే ఇంజనుకును దేహమునకును నడుమ అల్లిక పట్టీ యొకటి బిగింతురు. ఈ కారులో ఆ పట్టీ బోల్టు క్రింద తుప్పు పేరుకొనెను. ఇది తయారుచేసినవారి లోపము కాదు. వయస్సును, వాడుకలోని ఉపేక్షయు తెచ్చిన లోపము.

స్టార్టరు 150 ఆంపియర్లు కోరినదనుకొందము. పట్టీ యొద్ద 0.02 ఓముల నిరోధమున్నను, 150ని 0.02చే గుణింపగా 3 వోల్టులు అచ్చటనే హరించిపోవును. సరియైన దారి ఇరుకైనందున విద్యుత్తులో కొంత భాగము చోక్ తీగ వెంట దారి చేసికొనెను. సన్నని తీగ గనుక అది వేడెక్కినది. దీపముల విద్యుత్తు ఆ పట్టీ గుండ పోదు కనుక అవి నిశ్చింతగా వెలిగినవి. తాళము త్రిప్పినపుడు దీపములు కూడ మిణుకుమిణుకుమనియుండిన యెడల, అనుమానము బ్యాటరీ మీదికో దాని కొనల మీదికో పోవలసియుండెను. మేము చూచిన 12.6 వోల్టులు నిజమే. కాని అది బరువు మోయనప్పటి నిజము.

మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ ఋణధ్రువమునకును, రెండవ కొనను ఇంజను లోహమునకును తాకించి తాళము త్రిప్పి చూచితిమి. అర వోల్టుకు మించరాని చోట మూడు వోల్టులకు పైగా చూపినది. బ్యాటరీ తీగను తొలగించి, పట్టీని విప్పి, గరుకు కాగితముతో లోహము మెరయునట్లు రుద్ది, తిరిగి బిగించితిమి. ఈసారి 0.2 వోల్టు మాత్రమే చూపినది. ఇంజను వెంటనే అందుకొన్నది. ఖర్చు ఒక గరుకు కాగితపు ముక్క!

భౌతికశాస్త్ర మిత్రులు ఒక కాగితముపై పై లెక్కను వ్రాసి చూపగా, ఆ విద్యార్థి కొంతసేపు దానివంక చూచి, "నిరోధం అంటే ఇదేనా సార్?" అని అడిగెను.

ఆ ప్రశ్న మమ్ము నేటికిని విడువలేదు. ఆ యేటి పరీక్షలో ఓమ్ నియమమును వివరింపలేక అతడు మార్కులు పోగొట్టుకొనియుండెను. మేము మాటనెరిగి వస్తువును ఎరుగని వారము. అతడు వస్తువునెరిగి మాటను ఎరుగనివాడు. అజ్ఞానము ఇరుపక్షములను సమానమే. మార్కులు పోయినది మాత్రము అతనికి.

ఉర్దూలో "ఉస్తాద్" అను మాట ఒకటి కలదు. తరగతిలో పాఠము చెప్పువానిని ఉస్తాద్ అందురు; షెడ్డులో స్పానరు పట్టువానిని కూడ ఉస్తాద్ అనియే పిలుతురు. భాష వారిరువురిని ఒకే పీటపై కూర్చుండబెట్టినది. మనము కూర్చుండబెట్టలేదు. మా విద్యార్థులలో పలువురు షెడ్డుల నుండియు, వెల్డింగు దుకాణముల నుండియు వచ్చుచున్నారు. వారిలో కొందరు తండ్రి వృత్తిని చెప్పుటకు సిగ్గుపడుట మేము కన్నులార చూచితిమి. ఆ సిగ్గు వారిది కాదు. దానిని వారికి నేర్పినవారము మనమే.

భాష అడ్డమని కొందరనవచ్చును. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉన్నత శాస్త్రములను ఉర్దూలో బోధించిరి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల శాస్త్రగ్రంథములను తెలుగున వెలువరించినది. రెండు భాషలును ఈ బరువును మోయగలవని రుజువైనది. ఉర్దూ, తెలుగు రెండును వినవచ్చు మన కళాశాలకు ఈ పని మరింత సులభము. షెడ్డులోని "ఎర్త్", పుస్తకములోని "నిరోధము" ఒకే బల్లపై కలిసికొనవలయును.

అందుచే కార్యవర్గమువారికి మా మనవి: వారమునకొక గంట పనిశాలకు కేటాయింపుడు. ఒక పాత కారు తీగల అమరికను బల్లపై బిగింపించి, రెండు మూడు మల్టీమీటర్లను, ఒక పరీక్షా దీపమును సమకూర్పుడు. ఊరిలోని అనుభవజ్ఞుడైన మిస్త్రీని పిలిచి, అతిథి ఉపన్యాసకునికిచ్చు గౌరవమును, పారితోషికమును అతనికి కూడ ఇండు. పనిశాలలో వినబడు మాటలకు విద్యార్థులచే ఉర్దూ–తెలుగు పదకోశము కూర్పింపుడు. ఆ పనికి మేము సిద్ధముగా నున్నాము.

పాత కార్లు పోయి విద్యుత్ కార్లు వచ్చుచుండగా ఇదేల అనువారు కలరు. యంత్రము మారును, వెదకు పద్ధతి మారదు. నేటి కార్లలో కంప్యూటరు ఒక సంకేతమును చూపును. అది ఏ వలయములో చిక్కున్నదో తెలుపును గాని, ఏ భాగము చెడినదో ఎల్లప్పుడును చెప్పలేదు. విద్యుత్ కార్లలో వందల వోల్టుల పెద్ద బ్యాటరీ ఉండును. తగిన శిక్షణ లేక దానిని తాకరాదు. అనగా శిక్షణావసరము పెరిగినదే గాని తగ్గలేదు.

విద్యార్థులారా! మీరు ఏ వృత్తిలో ప్రవేశించినను ఈ మూడు నియమములను మరువకుడు. పరీక్షింపక ఏ భాగమును మార్చకుడు. బరువు మోయుచున్నప్పుడే పరీక్షింపుడు. ఒకసారి ఒక్కదానినే మార్చి ఫలితమును చూడుడు. ఫ్యూజు పదేపదే పోవుచున్నదని దాని చోట లావు తీగ చుట్టువాడు దోషమును తీర్చుట లేదు, దాచుచున్నాడు. తుదకు తీగలే కాలిపోవును. విద్యావిధానమునకు కూడ ఇదియే వర్తించును.

ఆ విద్యార్థి మరుసటి పరీక్షలో ఉత్తీర్ణుడైనాడు. ఓమ్ నియమమును అతడు ఆ కారు ఉదాహరణముతోనే వ్రాసెనని భౌతికశాస్త్ర మిత్రులు చెప్పిరి. అతని తండ్రిని మన కళాశాల వేదికపై చూడవలెనని మా కోరిక. కార్యవర్గమువారు తలచుకొనిన, వచ్చు విద్యాసంవత్సరముననే అది నెరవేరగలదు.