సముద్రము ఎదుట ఒక గది



కొంతకాలము క్రిందట మా సంఘములోని ఒక కుటుంబము మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. అటువంటి ప్రశ్న ఇప్పుడు కృత్తివెన్ను, బంటుమిల్లి, పెడన ప్రాంతములలో పిల్లలు చదువుకొని ఉద్యోగములకు వెళ్లిన అనేక ఇండ్లలో వినబడుచున్నది. అందుచేత ఈ నెల దానిని గురించే వ్రాయుచున్నాము.

ఆ దంపతులకు వివాహమై నలభై ఏండ్లు. తండ్రిగారు జీవితమంతా సముద్రము మీదికి వేటకు వెళ్లినవారు. తల్లిగారు చేపల గంప తలకెత్తుకొని ఊరూరు తిరిగి పిల్లలను చదివించారు. చెన్నైలో ఉద్యోగము చేయుచున్న పెద్ద కుమారుడు వారిద్దరినీ తరంగంబాడి తీసికొనిపోయి, సముద్రపు ఒడ్డునున్న ఒక మంచి హోటలులో ఉంచాలని తలంచాడు. గది అద్దె ఎంతో విన్న తండ్రిగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, మన మందిరం కప్పు కారుతా ఉంది. ఆ డబ్బుతో ఎన్ని రేకులు వస్తాయో చూడండి. ఒక్క రాత్రి పడుకోడానికి అంత పెడితే పాపం కాదంటారా?" అని అడిగారు. తల్లిగారు మాత్రము ఏమీ అనలేదు.

కుమారుడు మా దంపతులను కూడ రమ్మని పట్టుపట్టినందున మేమును వారితో వెళ్లి ఒక రాత్రి అక్కడ బసచేశాము. మేము చూచినది మొదట చెప్పి, తరువాత ఆ ప్రశ్నకు వత్తాము.

తరంగంబాడి తమిళనాడులో ఒక చిన్న రేవు పట్టణము. చెన్నైకి దక్షిణముగా, కారైకాలుకు దగ్గరలో ఉన్నది. మన యానాము ఏ పుదుచ్చేరి పాలనలో ఉన్నదో ఆ కారైకాలు కూడ దానిలోనిదే. 1620లో తంజావూరు రఘునాథ నాయకుని అనుమతితో డెన్మార్కు దేశస్థులు ఇక్కడ కోట కట్టుకొని వర్తకము చేశారు. 1845లో ఊరిని ఆంగ్లేయులకు అమ్మివేశారు. మేము బసచేసిన ఇల్లు ఆంగ్లేయుల కాలములో కలెక్టరు బంగళా. రాజస్థానులో నీమ్రానా అను పాత కోటను బాగుచేసి 1991లో బసగా తెరచిన సంస్థవారే ఈ బంగళాను కూడ బాగుచేసి అతిథులకు తెరచారు.

ఇటువంటి వాటిని ఈ కాలములో బుటీక్ హోటళ్లు అంటున్నారు. నగరములోని పెద్ద హోటలులో వందల గదులు అచ్చువేసినట్లు ఒకే తీరుగా ఉంటాయి. ఇక్కడ గదులు వ్రేళ్ల మీద లెక్కింపదగినన్ని మాత్రమే. ఒక గది ఉన్నట్లు మరియొకటి ఉండదు. తలుపు మీద అంకె వేయుటకు బదులు, పూర్వము ఈ రేవుకు వచ్చిన డేనుల ఓడల పేర్లు గదులకు పెట్టారు. ఎత్తయిన కప్పు, మందమైన గోడలు, ఇంటి చుట్టూ వెడల్పాటి వరండా. ఎండ నేరుగా గోడకు తగలదు, సముద్రపు గాలి ఇంట్లోనుండి పోతుంది. మన పాత మండువా ఇండ్లు కట్టినవారికి తెలిసిన ఉపాయమే ఇది.

ఇటువంటి పాత కట్టడములను బాగుచేయువారు సిమెంటుకంటె సున్నమునే ఎన్నుకొంటారు. సున్నపు గోడ లోపలి తేమను బయటికి విడుస్తుంది. సిమెంటు పూత దానిని లోపలనే బంధిస్తుంది. ఉప్పుగాలి తగిలిన చోట స్లాబులోని ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, పెచ్చులూడుట మన తీర గ్రామములలో అందరూ చూచుచున్నదే. ఖరీదైనదంతా గట్టిది కాదు, పాతదంతా పనికిమాలినది కాదు.

గదిలోనికి వెళ్లిన తండ్రిగారు చుట్టూ చూచి, "ఇంత డబ్బు తీసుకున్నారు, ఇక్కడ ఏమున్నదని?" అన్నారు. నిజమే, ఎక్కువ సామాను లేదు. ఒక మంచము, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక దీపము. అయితే మంచము మీద పడుకొన్నవానికి కిటికీలోనుండి సముద్రము కనబడుతుంది. కుర్చీలో కూర్చున్నవానికి వెలుతురు సరిగా పుస్తకము మీద పడుతుంది. ఎవరో ఒకరు, "ఇక్కడికి వచ్చువాడు అలసి వస్తాడు, అతనికి ఏమి కావాలి?" అని ఆలోచించి ఆ నాలుగు వస్తువులను సర్దారు. అక్కడ అమ్మకానికి పెట్టినది ఆ ఆలోచనయే.

మాకు వెంటనే షూనేము జ్ఞాపకము వచ్చింది. రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయము తెరచి చూడండి. ఆ ఊరిలో ఘనురాలైన ఒక స్త్రీ, తమ దారిని వచ్చిపోవుచున్న ఎలీషాను గమనించి, భర్తతో మాటలాడి, ఇంటి మీద చిన్న గది కట్టించింది. అందులో ఆమె ఉంచినవి ఎన్ని? మంచము, బల్ల, పీట, దీపస్తంభము. నాలుగే! దైవజనుడు నడచి వస్తాడు గనుక మంచము, వ్రాసికొనుటకో భుజించుటకో బల్ల, కూర్చుండుటకు పీట, రాత్రి ప్రార్థనకు దీపము. ఈ కాలపు హోటలువారు ఎంతో నేర్చి చేయుచున్న పనిని ఆ తల్లి వేల ఏండ్ల క్రిందటనే చేసింది. ఆమె అద్దె తీసికొనలేదు.

మరునాడు ఉదయము మేమందరము కోట దగ్గరనుండి రాజవీధిలో నడిచాము. ఆ వీధి ప్రొటెస్టెంటు క్రైస్తవులమైన మనము తప్పక ఎరుగవలసినది. 1706 జూలై 9వ తేదీన బర్తలోమయి జీగెన్‌బాల్గ్, హెన్రిక్ ప్లూట్షో అను ఇద్దరు యౌవనస్థులు డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ పంపగా ఈ రేవులో ఓడ దిగారు. మన దేశమునకు వచ్చిన మొదటి ప్రొటెస్టెంటు మిషనరీలు వారే. రాజు పంపినవారైనను కోట అధికారి వారిని ఆదరింపలేదు. గంటల తరబడి వేచియుండనిచ్చి, చివరకు వారిని బజారులో విడిచి వెళ్లిపోయారు. ఈ దినము వేల రూపాయలకు సముద్రపు గాలిని అమ్ముచున్న ఆ ఊరిలో, ఆ సాయంకాలము దేవుని సేవకులకు తల దాచుకొను చోటు సిద్ధముగా లేదు. బేత్లెహేము సత్రములో మన ప్రభువునకు స్థలము దొరకలేదని లూకా వ్రాసిన మాట అక్కడ నిలిచి తలంచుకొన్నాము.

జీగెన్‌బాల్గ్ పిల్లలతో కూర్చుండి ఇసుకలో అక్షరములు దిద్ది తమిళము నేర్చుకొన్నాడు. ఆ కోటలోనే నాలుగు నెలలు ఖైదులో ఉన్నాడు. 1715 నాటికి తమిళ క్రొత్త నిబంధనను అచ్చు వేయించాడు. 1718లో రాజవీధిలో నూతన యెరూషలేము దేవాలయము ప్రతిష్ఠింపబడింది. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో, 36 ఏండ్ల వయస్సులో ప్రభువునందు నిద్రించగా, ఆయనను ఆ దేవాలయములోనే సమాధిచేశారు. అదే 1719లో ఆ రేవుకు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసు వెళ్లి, తెలుగు నేర్చుకొని, పరిశుద్ధ గ్రంథమును తెలుగులోనికి అనువదించాడు. ఆ అనువాదము అచ్చు కాలేదు గాని, 1740ల దశకములో జర్మనీలోని హాలె నగరమునుండి చిన్న తెలుగు క్రైస్తవ పుస్తకములను ఆయన అచ్చు వేయించాడు. 1841లో ఫాక్సుగారు, నోబుల్‌గారు మన బందరు రేవులో దిగుటకు శతాబ్దము ముందు జరిగిన పని ఇది. ఆ తలుపు తరంగంబాడిలో తెరువబడింది.

దేవాలయములో నిలువబడి తండ్రిగారు చాలాసేపు మౌనముగా ఉన్నారు. బయటికి వచ్చిన తరువాత, "వాళ్లకి మంచం కూడా ఇయ్యలేదా అయ్యగారూ?" అన్నారు, అంతే.

ఆ సాయంకాలము తల్లిగారు వరండాలో కుర్చీ వేసికొని సముద్రము వైపు కూర్చున్నారు. కాఫీ ఇచ్చారు, చల్లారిపోయింది. మేము పలుకరించగా ఆమె అన్న మాట ఇది: "పుట్టినకాడి నించీ సముద్రాన్ని చూస్తానే ఉన్నానయ్యగారూ. పడవ వస్తదా రాదా అని చూశాను. వల నిండిందా లేదా అని చూశాను. ఊరికే కూర్చుని చూడటం ఇదే మొదలు."

ప్రియులారా, ఈ మాటను తేలికగా తీసికొనవద్దు. ఉప్పుటేరు సముద్రములో కలియు మన ప్రాంతమునకు సముద్రము అన్నము పెట్టునది, భయపెట్టునది. 1864లో బందరును ముంచిన ఉప్పెనను మన పెద్దలు చెప్పగా విన్నాము. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచివేసిన కెరటము జ్ఞాపకము ఇంకను చాలా ఇండ్లలో ఉన్నది. తరంగంబాడి తీరమును కూడ 2004 డిసెంబరు 26న సునామీ కొట్టింది. సెలవులకు వచ్చిన ధనవంతునికి సముద్రము ఒక దృశ్యము. ఆ తల్లికి అది నలభై ఏండ్ల పని. పని మాని ఒక్క సాయంకాలము దేవుని సృష్టిని ఆమె తీరికగా చూచింది. అది దుబారా అని మేము ఎట్లు చెప్పగలము?

తన శిష్యులు భోజనము చేయుటకైనను తీరిక లేకయుండగా ప్రభువు వారిని ఏకాంత స్థలమునకు వచ్చి కొంచెము అలసట తీర్చుకొనుమన్నాడు (మార్కు 6:31). ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయమును చదువుడి. దూరమునుండి పండుగకు వచ్చు ఇశ్రాయేలీయుడు తన దశమభాగమును రూకలుగా మార్చి తెచ్చుకొని, అక్కడ తన మనస్సు కోరినది కొని, ఇంటివారితో కూడ దేవుని సన్నిధిలో భుజించి సంతోషింపవచ్చునని ధర్మశాస్త్రమే సెలవిచ్చింది. అయితే ఆ వెంటనే రెండు సంగతులు జతచేసింది. నీ ఊరిలోని లేవీయుని విడువకూడదు. మూడవ ఏట పరదేశియు, తండ్రిలేనివారును, విధవరాండ్రును తిని తృప్తిపొందవలెను. సంతోషమునకు అనుమతి ఉన్నది, సంతోషములో మరచిపోవుటకు అనుమతి లేదు.

కాబట్టి తండ్రిగారి ప్రశ్నకు మేము చెప్పిన జవాబు ఇది. కన్నవారిని సన్మానించుటకు బిడ్డ తన కష్టార్జితములోనుండి చేసినది పాపము కాదు. ఆ కుమారుడు దేవుని భాగమును మొదట తీసి పెట్టిన తరువాతనే ఈ ఖర్చు చేశాడని మేము ఎరుగుదుము. మందిరపు రేకుల సంగతి ఒక ఇంటి భారము కాదు, సంఘమంతటిది. ఆ భారమును సంఘము మోయక, ఒక తల్లి విశ్రాంతిని అమ్మి కప్పు వేయమనుట న్యాయము కాదు.

అయినను వెళ్లదలచిన కుటుంబములకు నాలుగు మాటలు చెప్పవలసియున్నది. అప్పుచేసి వెళ్లవద్దు. అప్పులో పడుకొన్న మంచము మీద విశ్రాంతి ఉండదు. పొరుగువారికి ఫోటోలు చూపుటకు వెళ్లవద్దు. మీ ఎంగిలి పళ్లెము తీసినవానిని, దుప్పటి మార్చిన సోదరిని పేరు అడిగి పలుకరించండి. వారును ఒక తల్లి బిడ్డలే, పండుగనాడు ఇంటికి పోలేక మీకు వడ్డించుచున్నవారే. నాలుగవది ముఖ్యమైనది. తిరిగి వచ్చిన తరువాత మీ తలుపు మునుపటికంటె వెడల్పుగా తెరువబడవలెను.

ఈ నాలుగవ మాట మన డెల్టా గ్రామములకు ఎంతో అవసరము. మన పెద్దల ఇండ్లు తాటాకువే. అయినను అతిథి వచ్చిన వెంటనే కాళ్లకు చెంబుతో నీళ్లు, త్రాగుటకు మజ్జిగ, అరుగు మీద నులక మంచము సిద్ధము. ఇప్పుడు రెండంతస్తుల మేడలు కట్టుకొన్నాము. హాలులో పెద్ద టీవీ ఉన్నది, సోఫా ఉన్నది. సువార్త కూటములకు వచ్చిన దైవజనునికి మాత్రము బందరులో లాడ్జి గది మాటలాడుచున్నాము. ఆసుపత్రి పనిమీద వచ్చిన బీద బంధువు రాత్రి బస్టాండులో కూర్చొనుచున్నాడు. ఆతిథ్యమును డబ్బిచ్చి కొనుట నేర్చుకొన్నాము, ఉచితముగా ఇచ్చుట మరచిపోవుచున్నాము.

మంచి సమరయుడు గాయపడినవానిని పూటకూళ్లవాని ఇంట దింపి రెండు దేనారములు ఇచ్చాడు. అవి ఆ దినములలో కూలివానికి రెండు రోజుల కూలి. ఆయన తనకొరకు కాదు, ఎవరో తెలియని పరునికొరకు గది అద్దె కట్టాడు. హోటలుకు వెళ్లగలిగిన ప్రతి కుటుంబము దీనిని జ్ఞాపకము చేసికొనవలెను.

మా మనవి ఒక్కటే. ఈ నెలలో మీ ఇంటిలో ఒక గదిని, గది లేనిచో వరండాలో ఒక మూలను, షూనేము తల్లివలె సిద్ధపరచండి. ఉతికిన దుప్పటి పరచిన మంచము, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక దీపము. పరిశుద్ధ గ్రంథమును బల్లమీద ఉంచండి. ఎవరు వస్తారో ముందుగా తెలియనక్కరలేదు. తెలియకయే దేవదూతలకు ఆతిథ్యమిచ్చినవారు ఉన్నారని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయము చెప్పుచున్నది. మీ ఇంటి కిటికీలోనుండి సముద్రము కనబడకపోవచ్చును. అలసి వచ్చినవానికి మీ ముఖములో క్రీస్తు ప్రేమ కనబడితే అది చాలును.

ఆతిథ్యమిచ్చు మీ గృహములను ప్రభువు దీవించును గాక. ఆమేన్.