బైక్ ముందు బ్రేక్ మార్చేస్తున్నారా..? డిస్క్ ఒక్కటే మారిస్తే అసలుకే ఎసరు.. లెక్క ఇదీ!

బ్రేక్ గట్టిగా పడాలి.. బండి ఉన్నచోటే ఆగాలి. పాత బైక్ నడిపే ప్రతి ఒక్కరూ కోరుకునేది ఇదే. అందుకే డ్రమ్ తీసేసి డిస్క్ వేయించేవారు, చిన్న డిస్క్ తీసేసి పెద్దది బిగించేవారు, స్పోర్ట్స్ బైక్ కాలిపర్ తెచ్చి కమ్యూటర్ బండికి పెట్టించేవారు పెరుగుతున్నారు. కానీ ఒక పార్ట్ మార్చి మిగతావి పాతవే ఉంచితే బ్రేక్ మెరుగుపడకపోగా, ఉన్నది కూడా పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇప్పుడే ఈ చర్చ ఎందుకు..?

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం మంది టూవీలర్లపై వెళ్తున్నవారే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులకు ఏబీఎస్ తప్పనిసరి. అంతకంటే చిన్నవాటికి ఏబీఎస్ గానీ, సీబీఎస్ గానీ ఉండాలి. ఇంజిన్ సైజ్‌తో సంబంధం లేకుండా కొత్త టూవీలర్లన్నింటికీ 2026 జనవరి 1 నుంచి ఏబీఎస్ ఉండాలంటూ 2025 జూన్‌లో కేంద్రం ముసాయిదా నోటిఫికేషన్ కూడా ఇచ్చింది.

అయితే ఈ రూల్స్ అన్నీ కొత్త బండ్ల గురించే. ఇప్పటికే రోడ్ల మీద తిరుగుతున్న పాత బైకుల సంగతేంటి..? వాటి యజమానులకు ఎవరూ దారి చూపడం లేదు. దీంతో వాళ్లు స్పేర్ పార్ట్స్ షాపుల వైపు వెళ్తున్నారు. హైదరాబాద్ పుత్లీబౌలిలోనో, తెలిసిన మెకానిక్ దగ్గరో ఏ సెట్ దొరికితే ఆ సెట్ బిగించేస్తున్నారు. అసలు సమస్య ఇక్కడే మొదలవుతోంది.

లివర్‌కు, కాలిపర్‌కు లెక్క కుదరాలి

డిస్క్ బ్రేక్ పనిచేసేది ఆయిల్ ఒత్తిడితో. లివర్ నొక్కితే హ్యాండిల్ దగ్గరున్న మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ఆయిల్‌ను తోస్తుంది. ఆ ఒత్తిడికి చక్రం దగ్గరి కాలిపర్‌లో పిస్టన్లు కదిలి, ప్యాడ్లను డిస్క్‌కు అదుముతాయి. బ్రేక్ ఎంత గట్టిగా పడుతుందన్నది ఈ రెండు చోట్లా ఉన్న పిస్టన్ల వైశాల్యాల నిష్పత్తి మీద ఆధారపడి ఉంటుంది.

ఉదాహరణకు మాస్టర్ సిలిండర్ పిస్టన్ 12.7 మిల్లీమీటర్లు ఉన్నచోట 14 మిల్లీమీటర్లది పెట్టారనుకుందాం. చూడటానికి తేడా చిన్నదే. కానీ వైశాల్యం 21 శాతానికి పైగా పెరుగుతుంది. అంటే చేత్తో అంతే బలం పెట్టినా ఆయిల్ ఒత్తిడి దాదాపు 18 శాతం పడిపోతుంది. లివర్ రాయిలా గట్టిగా తగులుతుంది, బండి మాత్రం ఆగదు. చాలామంది దీన్నే మంచి బ్రేక్ అనుకుని మోసపోతారు.

దీనికి రివర్స్ కూడా జరుగుతుంది. పెద్ద పిస్టన్లున్న కాలిపర్ బిగించి పాత మాస్టర్ సిలిండర్‌నే వదిలేస్తే, దాన్ని నింపడానికి ఎక్కువ ఆయిల్ కావాలి. దీంతో లివర్ చాలా దూరం లోపలికి వెళ్తుంది. ఒక్కోసారి హ్యాండిల్‌కు ఆనుకుపోతుంది కూడా. నాలుగు పిస్టన్లా, రెండు పిస్టన్లా అన్న సంఖ్య ఒక్కటే చూస్తే సరిపోదు. మొత్తం వైశాల్యం ఎంత అన్నదే ముఖ్యం.

డ్రమ్ తీసేస్తే సీబీఎస్ కూడా పోతుందా..?

డ్రమ్ నుంచి డిస్క్‌కు మారడం ఇంకా పెద్ద పని. డిస్క్ బిగించే హబ్ ఉన్న చక్రం, కాలిపర్ పట్టే ఫోర్క్, మాస్టర్ సిలిండర్, హోస్ పైపు అన్నీ మారాలి. ఫోర్క్ మార్చకుండా వెల్డింగ్‌తో పట్టీ అతికించి కాలిపర్ వేలాడదీస్తే అది ప్రాణాలతో చెలగాటమే. బ్రేక్ పడిన ప్రతిసారీ ఆ బలమంతా ఆ అతుకు మీదే పడుతుంది మరి.

2019 తర్వాతి డ్రమ్ బైకుల్లో ఇంకో చిక్కుంది. సీబీఎస్ ఉన్న బండిలో వెనక బ్రేక్ పెడల్ తొక్కితే ముందు బ్రేక్ కూడా కొంత పడుతుంది. ముందు డ్రమ్ తీసేస్తే ఆ లింక్ తెగిపోతుంది. కాలి బ్రేక్‌నే నమ్ముకుని నడిపేవారికి ఇది పెద్ద దెబ్బ. ఇక ఏబీఎస్ బండి అయితే సెన్సర్ రింగ్‌లో పళ్ల సంఖ్య మారినా, టైరు సైజ్ మారినా సిస్టమ్ చక్రం వేగాన్ని తప్పుగా లెక్కేసే అవకాశం ఉంది.

ఆపేది చివరికి టైరే

బ్రేక్ చక్రాన్ని ఆపుతుంది. బండిని ఆపేది మాత్రం టైరుకు, రోడ్డుకు మధ్య ఉన్న పట్టు. ఏబీఎస్ లేని బైక్‌కు అతి పవర్‌ఫుల్ బ్రేక్ పెట్టి, అరిగిన టైరుతో ఇసుక మీదో, తడి రోడ్డు మీదో గట్టిగా నొక్కితే ముందు చక్రం లాక్ అవుతుంది. ముందు చక్రం జారితే నిలదొక్కుకునే టైమ్ కూడా దాదాపు ఉండదు.

రూల్స్ ఏం చెబుతున్నాయి..?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలకు, కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. సెక్షన్ 182ఏ కింద ఇలా మారిస్తే 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ప్రశ్నలు ఎదురయ్యే అవకాశమూ ఉంటుంది.

మరి ఏం చేయాలి..?

నిజానికి బ్రేక్ పడటం లేదన్న చాలా బండ్లకు కొత్త కాలిపర్ అవసరమే ఉండదు. ముందు చూడాల్సినవి ఇవీ:

* ప్యాడ్లు అరిగాయా, వాటికి ఆయిల్ అంటిందా చూడాలి. కొత్తవి వేశాక మొదట్లో మెల్లగా బ్రేకులు వేస్తూ అలవాటు చేయాలి.
* బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. మూత మీద డాట్ 4 అని ఉంటే అదే పోయాలి. సిలికాన్ రకమైన డాట్ 5ను దాంతో అస్సలు కలపకూడదు.
* కాలిపర్ పిన్నులు బిగుసుకుపోతే శుభ్రం చేయించి, వాటికి సరిపడే గ్రీజు పెట్టించాలి.
* పాత రబ్బరు హోస్ ఒత్తిడికి ఉబ్బుతుంది. కొత్తది వేయించి, లైన్‌లో గాలి పూర్తిగా తీయించాలి.
* టైరు అరిగితే ముందు దాన్నే మార్చాలి.

ఇవన్నీ చేశాక కూడా తృప్తి లేకపోతే, అదే మోడల్‌లో కంపెనీ అమ్మే డిస్క్ వేరియంట్ పార్టులు తమ బండికి సరిపోతాయో లేదో సర్వీస్ సెంటర్‌లో అడగాలి. సరిపోతే మాస్టర్ సిలిండర్ నుంచి చక్రం వరకు పూర్తి సెట్‌గా వేయించాలి, ఆర్సీ విషయం ఆర్టీఏ ఆఫీసులో ముందే తెలుసుకోవాలి. పార్ట్ బిగించిన రోజే హైవే ఎక్కకుండా, ఖాళీ రోడ్డులో తక్కువ స్పీడ్‌లో పదిసార్లు ఆపి చూసుకోవడం మంచిది.