మాత్ర ఆపే ముందు ఒక్కసారి అడగండి

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అనే నరాల జబ్బు ఉన్న ఒక అమ్మాయి నెల తప్పింది. ఆ రాత్రే తను వాడుతున్న మాత్రలు బీరువా అడుగున పడేసింది. డాక్టరుకు ఫోన్ చేయలేదు. ఇంకో ఇంట్లో ఇంకో అమ్మాయి, నెల తప్పిందని గమనించక అలాంటి మాత్రే మూడో నెల దాకా మింగుతూ వచ్చింది. ఇద్దరూ బిడ్డ బాగుండాలనుకున్నవాళ్లే. ఇద్దరికీ ప్రమాదమే. ఇలాంటివి ముందు జాగ్రత్తతో తప్పించగలిగినవి కాబట్టే ఇంత ఆదుర్దాగా రాస్తున్నాను.

ముందు ఒక భయం తీసేద్దాం. ఎం.ఎస్. ఉన్నవాళ్లు పిల్లల్ని కనకూడదన్నది పాతకాలం మాట. గత శతాబ్దం మధ్య దాకా డాక్టర్లే అలా చెప్పేవారు. ఇప్పుడు ఎవరైనా అలా అంటే నమ్మకండి. చాలామంది మామూలుగా గర్భం దాలుస్తున్నారు, మామూలుగా కంటున్నారు. బిడ్డకు ఈ జబ్బు సంక్రమించే అవకాశం నూటికి రెండు మూడుకు మించదు. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య, మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువగా బయటపడే జబ్బు ఇది. అంటే పెళ్లి, పిల్లలు అనే వయసులోనే వచ్చి కూర్చుంటుంది. అందుకే ఈ సంగతి తర్వాత చూద్దాంలే అని వదిలేయడానికి వీల్లేదు.

1998లో ఐరోపాలోని 12 దేశాల నుంచి ఒక అధ్యయనం వచ్చింది. 254 మంది స్త్రీలు, 269 గర్భాలు. గర్భానికి ముందు ఏడాదికి సగటున 0.7 సార్లు తిరగబెడుతున్న జబ్బు, ఆఖరి మూడు నెలల్లో 0.2 రేటుకు దిగిపోయింది. కడుపులో బిడ్డను తల్లి శరీరం తోసిపుచ్చకుండా రోగనిరోధక శక్తి తన దూకుడు తగ్గించుకుంటుంది, ఆ నీడలో తల్లి నరాలూ కాస్త తెరిపిన పడతాయి. కాన్పు అయ్యాక ఆ రక్షణ పోతుంది. మొదటి మూడు నెలల్లో అదే రేటు 1.2కు ఎగసింది. కంగారు పడకండి, వాళ్లలో మూడింట రెండొంతుల మందికి పైగా ఆ మూడు నెలల్లో జబ్బు అసలు తిరగబెట్టలేదు. ఆనాడు మందులు తక్కువ, ఈ రోజుల్లో ముందే సిద్ధపడ్డవాళ్ల పరిస్థితి ఇంకా మెరుగు. అయితే మీరు ఏ గుంపులో ఉంటారో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఇంటిల్లిపాదీ బిడ్డ ఉయ్యాల చుట్టూ చేరే ఆ మూడు నెలలే తల్లిని కనిపెట్టుకుని ఉండాల్సిన కాలం.

ఇక మందుల సంగతి. మీరు వాడుతున్న మందు పేరు మీకు తెలుసా? తెలియకపోతే ఇప్పుడే చీటీ తీసి చూడండి. టెరిఫ్లునోమైడ్ అని ఉంటే గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఇది గర్భంలో వాడకూడని మందు. పైగా మానేసిన వెంటనే ఒంట్లోంచి పోదు. సగటున ఎనిమిది నెలలు, కొందరిలో రెండేళ్ల దాకా నిలిచి ఉంటుంది. ఏడాది కిందట మానేశాంగా అని ధీమాగా ఉండకండి. దాన్ని తొందరగా కడిగేసే పద్ధతి ఉంది. కొలెస్టిరమైన్ పొడి గానీ మందుగా ఇచ్చే బొగ్గుపొడి గానీ 11 రోజులు ఇచ్చి, తర్వాత రక్తంలో మందు ఎంత మిగిలిందో పరీక్షిస్తారు. అది డాక్టరు చేతుల మీదుగా జరగాల్సిన పని. పొరపాటున ఈ మాత్ర మీద ఉండగానే గర్భం వస్తే, రేపటిదాకా ఆగకండి, ఈ రోజే ఫోన్ చేయండి.

ఫింగోలిమోడ్‌ది ఇంకో ఇబ్బంది. బిడ్డలో పుట్టుకతో వచ్చే లోపాల భయం ఉంది కాబట్టి గర్భానికి కనీసం రెండు నెలల ముందు మానాలి. మానితేనేమో కొందరిలో జబ్బు మునుపటికంటే పెద్ద ఎత్తున తిరగబడుతుంది. నటాలిజుమాబ్ సూదిమందు ఆపినా ఇదే ముప్పు. పిల్లల కోసమని మందు ఆపి, గర్భం నిలవడానికి ఏడాది పట్టిందనుకోండి. ఆ ఏడాదంతా ఏ రక్షణా లేకుండా గడిపినట్టే. అందుకే మానడమొక్కటే సరిపోదు. మధ్యలో ఏ మందుకు మారాలి, ఎప్పుడు మారాలి అన్నది ముందే తేల్చుకోవాలి. క్లాడ్రిబిన్ అయితే ఆఖరి మోతాదు తర్వాత ఆరు నెలలు ఆగాలి. ఇంటర్ఫెరాన్ బీటా సూదులు, గ్లాటిరామర్ లాంటి పాత మందులు ఈ విషయంలో కాస్త నెమ్మదైనవి. ఇంటర్ఫెరాన్ బీటాను అవసరమైతే గర్భంలోనూ, పాలిచ్చే రోజుల్లోనూ వాడవచ్చని ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2019లో ఒప్పుకుంది. మీకు ఏది సరిపోతుందో మీ న్యూరాలజిస్టే చెప్పాలి. పక్కింటావిడ వాడిన మందు మీకు పనికిరాకపోవచ్చు.

ఇంకో మాట చెప్పాలి, కాస్త ఇబ్బందికరమైనదే. మనలో చాలామంది ఈ జబ్బు సంగతి అత్తవారింట దాచిపెడుతున్నారు. ఎందుకు దాస్తారో నాకు తెలుసు, తప్పు పట్టను. కానీ దాచిన మాత్రను వేళకు వేసుకోవడం కష్టం. దాచిన జబ్బుకు డాక్టరు దగ్గరికి వెళ్లడం ఇంకా కష్టం. భర్తకైనా చెప్పండి, తల్లీ. మీ ఆవిడ రహస్యంగా మాత్ర మింగాల్సిన పరిస్థితి రానివ్వకండని భర్తలకూ నా విన్నపం.

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ. ఏడో నెలలో చీర సారెలతో హైదరాబాదు నుంచి ఏ శ్రీకాకుళానికో బయల్దేరిన అమ్మాయి ఫైలు మాత్రం హైదరాబాదులోనే ఉండిపోతుంది. అక్కడి ప్రసూతి డాక్టరుకు ఈ జబ్బు సంగతే తెలియదు. సారెతో పాటు ఎమ్మారై రిపోర్టులు, మందుల చీటీలు, న్యూరాలజిస్టు రాసిచ్చిన ఉత్తరం పెట్టెలో పెట్టండి. ఎం.ఎస్. ఉందన్న ఒక్క కారణానికి సిజేరియన్ చేయాల్సిన పని లేదు. నడుముకు మత్తు సూది ఇస్తే జబ్బు పెరుగుతుందన్న భయం కూడా ఆ ఐరోపా అధ్యయనంలో నిలబడలేదు. ఎవరైనా వద్దంటే ఎందుకని మర్యాదగా అడగండి.

బాలింత ఆచారాల దగ్గర పెద్దవాళ్లకు దణ్ణం పెట్టి చెబుతున్నాను. తలుపులు మూసిన గది, కుంపటి, సాంబ్రాణి పొగ, కాగే నీళ్ల స్నానం ఈ అమ్మాయికి వద్దు. ఒంట్లో వేడి పెరిగితే దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు మందగిస్తాయి. చూపు మసకబారుతుంది, కాళ్లు తేలిపోతాయి. చల్లబడ్డాక తగ్గిపోయేదే అయినా, ఆ కాసేపట్లో చేతిలో బిడ్డతో పడిపోతే? తిమ్మిరెక్కిన కాలికి నీళ్ల వేడి తెలియదు, చర్మం ఊడిపోయాక గానీ గమనించరు. గోరువెచ్చని నీళ్లు చాలు. బాలింతకు మంచినీళ్లు తక్కువ ఇవ్వాలన్న పథ్యం కూడా మానండి. నీళ్లు తక్కువైతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఇన్‌ఫెక్షన్‌తో జ్వరం వస్తే పాత లక్షణాలన్నీ లేచి, జబ్బు తిరగబెట్టిందా అన్నంత పని చేస్తాయి.

నిజంగా తిరగబెట్టినప్పుడు ఎలా ఉంటుందో చెబుతాను. ఒక కంటి చూపు మసకబారడం, కన్ను కదిపితే నొప్పి. ఒక వస్తువు రెండుగా కనబడడం. నడుము నుంచి కిందికి తిమ్మిరి, కాలు ఈడ్చుకుపోవడం. మెడ వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టు జలదరింపు. మూత్రం బిగుసుకుపోవడం. ఇలాంటి కొత్త లక్షణం ఒక రోజు దాటి ఉంటే డాక్టరుకు చెప్పాల్సిందే. గర్భిణులకు నీరసం, కాళ్ల తిమ్మిరి, మాటిమాటికీ మూత్రం మామూలే కదా అని, కాన్పయ్యాక బాలింత వాతమని సర్దిచెప్పుకోవడం దగ్గరే నెలలు గడిచిపోతాయి. గర్భంతో ఉండగా తలనొప్పితో చూపు మసకేస్తే మాత్రం ఒక్క రోజు కూడా చూడకండి, అది బీపీ ప్రమాదం కావచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఇవేమీ లేకుండా తల్లి రోజుల తరబడి ఏడుస్తూ, బిడ్డను కూడా పట్టించుకోకుండా ఉంటే దాన్నీ చిన్నచూపు చూడకండి. ఎం.ఎస్. ఉన్నవాళ్లలో దిగులు జబ్బు మామూలుకంటే ఎక్కువ.

ఎం.ఎస్. లాగే కనిపించే మరో జబ్బు ఉంది, న్యూరోమైలైటిస్ ఆప్టికా. దానిలో గర్భం అంత రక్షణ ఇవ్వదు. ఎం.ఎస్. మందులు కొన్ని దాన్ని ముదరబెడతాయి. మీది ఆ జబ్బేమోనని రక్తపరీక్ష చేసి చూశారా అని పెళ్లికి ముందో, పిల్లల ఆలోచన వచ్చినప్పుడో ఒకసారి అడగండి.

పాలివ్వడం మంచిదే. పోతపాలు కలపకుండా పూర్తిగా తల్లిపాలే ఇచ్చినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం కొంత తక్కువగా కనిపించింది. అయితే టెరిఫ్లునోమైడ్, ఫింగోలిమోడ్ లాంటి మందులు వాడుతూ పాలివ్వకూడదు. జబ్బు ఉద్ధృతంగా ఉన్నవాళ్లు పాలకన్నా ముందు మందే మొదలుపెట్టాల్సి రావచ్చు. అలాంటి తల్లిని పాలివ్వలేదని ఎవరూ సూటిపోటి మాటలనకండి.

ప్రసూతి డాక్టరు కాన్పు తేదీ చెప్పిన రోజే న్యూరాలజిస్టుకు కూడా ఫోన్ చేయండి. కాన్పయిన నాలుగు నుంచి ఆరు వారాల్లోపు ఒక తేదీ రాయించుకోండి. ఆ రోజు బిడ్డను ఎవరు ఎత్తుకుంటారో, తల్లిని ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారో కూడా అప్పుడే అనుకోండి.