రైస్ కుక్కర్ వీరులు

మొన్న గురువారం రాత్రి ఇక్కడ రియాద్‌లో ఒక మిత్రుడి గదిలో చేరాం. మధ్యలో తాంబాలమంత పళ్ళెం నిండా కబ్సా, పక్కన రెండు లీటర్ల కూల్‌డ్రింకు (2017లో సౌదీ సర్కారు దానిమీద 50 శాతం పన్నేసినా మనవాళ్ళు వెనక్కి తగ్గలేదు!). కబుర్లేమో షుగర్ గురించి. ఒకాయనకి ఇంకా నలభై రాలేదు, హెచ్‌బీఏ1సీ మాత్రం 9 దాటింది. "డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. ఇక్కడ మనకి వేరేగా ఎవరు వండిపెడతారు బాస్?" అంటూనే ఇంకో రెండు గరిటెలు వడ్డించుకున్నాడు.

ఒళ్ళు మండింది నాకు.

రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేచి నిలబెట్టే మనిషికి నాలుగు గుడ్లు కొట్టి పెనం మీద వెయ్యడం రాదా? రాకపోవడం కాదు, నేర్చుకోడు. చిన్నప్పుడు అమ్మ వండింది, పెళ్ళయ్యాక భార్య వండింది, ఇక్కడికొచ్చాక రైస్ కుక్కర్ వండుతోంది. అన్నం, ఆవకాయ, పెరుగు. కాదంటే బకాలాలో ఖుబ్జ్, అదీ కాదంటే హోటలు. అన్నమంటే ప్రాణం కాబట్టి ఇంత తింటున్నాం అనుకుంటాం గానీ, అసలు సంగతి... మనకి చేతనైన వంట అదొక్కటే!

2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైటు ఊపేసినప్పుడు మా గదుల్లోనూ కొబ్బరినూనె సీసాలు వెలిశాయి. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నాలుగు లీటర్ల నీళ్ళు, నిమ్మకాయలు. అది మంచిదా చెడ్డదా అని జనం కొట్టుకున్నారు. నా అనుమానం వేరు. నూనె తాగడానికి పొయ్యి వెలిగించక్కర్లేదు కదా, అందుకే మావాళ్ళకి అంత నచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే అందరూ మళ్ళీ కుక్కర్ దగ్గర తేలారు.

అన్నం మొత్తం మానమని నేననను. కప్పు అన్నంలో 45 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది, మనం లాగించేది మూడు కప్పులు. గుడ్డులో ఒక గ్రాము కూడా ఉండదు. మన దేశంలో జనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవేనని ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2025లో తేల్చింది. మూడు కప్పుల్ని ఒకటి చెయ్యండి చాలు. ఆ ఖాళీలోకి కూరొస్తుంది. (షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు ముందు డాక్టరుతో డోసు సంగతి మాట్లాడండి. అన్నం ఒక్కసారిగా కోసేస్తే షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.)

అయినా ఈ ఊళ్ళో ఏం తక్కువ? గుడ్లు, చికెన్, కీరా, లబన్ ఏ బకాలాకెళ్ళినా దొరుకుతాయి. కూసా అని లేతాకుపచ్చ కాయ ఒకటుంటుంది, మన సొరకాయకి చుట్టం. పోపు పెట్టి, ఉల్లిపాయ మగ్గాక కూసా ముక్కలు పెద్ద మంట మీద ఐదు నిమిషాలు వేయించండి. ఉప్పు చివర్లోనే. ముందే వేస్తే నీళ్ళూరి ముద్దయిపోతుంది (నా మొదటి రెండు ప్రయత్నాలూ అంతే). దాంట్లోనే మూడు గుడ్లు కొట్టి కలిపితే పొరుటు. పక్కన కీరా ముక్కలు, గ్లాసు లబన్. మొత్తం పావుగంట పని, మెస్సు డబ్బా కోసం ఎదురుచూసే టైములో సగం కూడా కాదు.

నిన్న ఆ మిత్రుడే ఫోన్ చేశాడు. ఆవాలు మాడిపోయి గదంతా పొగట, పక్కగదివాళ్ళు తిడుతున్నారట. నూనె కాగాక మంట తగ్గించి వెయ్యమన్నాను.