ఫోను నిండకపోతే ఏమైందట?

పాత పెళ్లి వీడియోల్ని ఫోనులో చూసుకునేలా మార్పించడం ఈమధ్య మా చుట్టాలందరికీ పట్టుకుంది. మంచిదే. వీసీఆర్‌లు పాత సామానుకి వేసేశాం, డీవీడీలు బీరువాలో చీరల కింద పడున్నాయి. నా పేచీ అల్లా మార్పించే తీరు మీదే.

ఆ రోజుల్లో టీవీ ఇంచుమించు చదరంగా ఉండేది. వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు. కెమెరా అతను ఆ కొలతకే తీశాడు. ఇప్పటి ఫోను అడ్డంగా పట్టుకుంటే బాగా పొడుగు కాబట్టి, పాత బొమ్మకి అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి. అవి చూడగానే వీడియో పాడైందనుకుని "స్క్రీను నిండా రావాలి" అంటారు షాపులో. అందుకు అతను చేయగలిగినవి రెండే. సాగదీస్తే రివటలాంటి పెళ్లికూతురు కూడా మూడో వంతు లావెక్కుతుంది. కోస్తే 16:9 కొలతకి ఎత్తులో పావు వంతు పోతుంది. మన పెళ్లంతా జరిగేదే కింద పీటల మీద! కాళ్లు కడగడం, మెట్టెలు తొడగడం అన్నీ ఆ అడుగు భాగంలోనే కదా.

ఇంక స్టేటస్‌లో పెట్టుకోవడానికి నిలువుగా కోయిస్తే సగానికి పైగా బొమ్మ మాయం. మా పెద్దక్క పెళ్లి వీడియో అలాగే కోయించి మా బంధువులొకరు అందరికీ పంపారు. అసలు వీడియోలో తలంబ్రాలప్పుడు ఎడమ చివర, స్తంభం పక్కన మా నాయనమ్మ ఉంటుంది. తాతయ్య పోయాక ఆవిడని ఏ పెళ్లిలోనూ పీటల దగ్గరికి రానిచ్చేవారు కాదు. అక్కణ్ణుంచే చూస్తూ, నవ్వుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. ఆవిడ కదులుతూ కనిపించే వీడియో మా ఇంట్లో అదొక్కటే. కోసిన దాంట్లో స్తంభమూ లేదు, ఆవిడా లేదు. అప్పుడు శాస్త్రం పేరు చెప్పి పక్కన నిలబెట్టారు, ఇప్పుడు స్క్రీను పేరు చెప్పి ఆ పక్కన కూడా లేకుండా చేశారు. ఎవరూ కావాలని చేయలేదని తెలుసు. అయినా నాకు ఒప్పుకోవాలనిపించడం లేదు.

ఈ పని మనమే ఇంట్లో చేసుకోవచ్చండీ. డీవీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటరు, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. డిస్కులో వీటీఎస్ అని మొదలయ్యే వీఓబీ ఫైళ్లు ఉంటాయి, వాటిని ఎంపీ4గా, హెచ్.264లో మార్చమనాలి. మామూలు ఫోన్లన్నిటిలో అది ఆడుతుంది. మన డీవీడీల్లో ఉండేవి 576 గీతలే, ఆ సైజే ఉంచండి. 1080కి పెంచితే ఫైలు బరువెక్కుతుందే గానీ లేని వివరం ఎక్కణ్ణుంచి వస్తుంది? క్రాపింగ్ దగ్గర 'నన్' పెట్టడం మరవద్దు, లేకపోతే అది తనంతట తనే అంచులు కోస్తుంది. చేతులు కదిలినప్పుడు దువ్వెన పళ్లలా గీతలు వస్తుంటే డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి.

వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపితే మొహాలు మసకబారవు. డిస్కు మాత్రం ఎవరెంత చెప్పినా పారేయకండి. మాది మళ్లీ చీరల కిందకే చేరింది, కాకపోతే ఈసారి పైన పేరు రాసి పెట్టాను.