‘అంబేడ్కర్ డిగ్రీ’కి విలువ కట్టేదెవరు?

ఈ ఏడు మిరప కోతల కాలంలో విడపనకల్లు మండలంలోని ఒక పల్లెకు వెళ్ళాను. ఉరవకొండ, గుంతకల్లు ప్రాంతాల నడుమ, కర్ణాటక సరిహద్దు పక్కన ఉన్న నల్లరేగడి నేల అది. వాన పడిన ఏడు శనగ, పత్తి, మిరప పండుతాయి. పడని ఏడు బళ్ళారికో బెంగళూరుకో మూటాముల్లె సర్దుకోవాలి. ఎస్సీ కాలనీలో వేపచెట్టు కింద కూర్చొని మాట్లాడుతుండగా, అప్పుడే కూలి నుంచి తిరిగివచ్చిన ఒక అమ్మాయి నా పక్కకు వచ్చి నిలబడింది. ఇరవై రెండేళ్ళుంటాయి. పదో తరగతితో చదువు ఆగిపోయింది. “అన్నా, కాలేజీకి పోకుండా పరీక్షలు మాత్రం రాస్తే డిగ్రీ ఇస్తారంట గదా, నిజమేనా? ఎంత ఖర్చవుతాది?” అని అడిగింది.

రెండే ప్రశ్నలు. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే నేను, పేరు ముందు డాక్టరు అని రాసుకునే నేను, వాటికి సూటిగా సమాధానం చెప్పలేకపోయాను. “నిజమేనమ్మా, కానీ...” అని ఆగిపోయాను. ఆ ‘కానీ’ వెనుక ఏముందో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ అమ్మాయి అడిగినది కొత్త కోరికేమీ కాదు. మా ఇంట్లోనే ఒక మనిషి ఆ దారిన నడిచాడు. మా చిన్నాయన సాంఘిక సంక్షేమ వసతి గృహంలో వంటమనిషి. తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. 1980ల చివర ఎవరో చెప్పగా అర్హత పరీక్ష రాసి ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ.లో చేరాడు. వంద మంది పిల్లలకు అన్నం వండి, అంట్లు తోమించి, రాత్రి పదింటికి పుస్తకం తెరిచేవాడు. ఆదివారం తరగతులకు బస్సెక్కి పట్నం పోయేవాడు. మూడేళ్ళ డిగ్రీకి ఆయనకు ఆరేళ్ళు పట్టింది. మా వంశంలో మొదటి పట్టభద్రుడు ఆయనే. నేను రెండోవాడిని.

చిన్నాయన చేరినప్పుడు దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982 ఆగస్టులో ఏర్పడింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దాని తొలి ఉపకులపతి జి.రామిరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయ్యారు. అంటే ఈ దేశానికి సార్వత్రిక ఉన్నత విద్య నమూనాను ఇచ్చింది తెలుగు నేల. ఇంటర్మీడియెట్ సర్టిఫికెట్ లేనివారు కూడా ఒక అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరవచ్చునన్నది అందులోని విప్లవాత్మకమైన అంశం. ఎక్కడ చదివావు, ఎన్నేళ్ళు చదివావు అని కాక, నీకు ఇప్పుడు ఏం వచ్చు అని అడిగిన తలుపు అది.

పరీక్షను బోధన నుంచి విడదీసి చూడటం కూడా మనకు కొత్త కాదు. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం మొదట్లో పాఠాలు చెప్పే సంస్థే కాదు, పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. దానికి నమూనా అయిన లండన్ విశ్వవిద్యాలయం 1858 నుంచి ఏ కళాశాలలోనూ చేరని వారికి సైతం తన పరీక్షలు రాసే అవకాశం కల్పించింది. మన పల్లెల్లో ‘ప్రైవేటుగా పరీక్ష కట్టడం’ అనే మాట అందరికీ తెలుసు. అలా పరీక్షలు కట్టి పై మెట్టు ఎక్కిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు ఎందరో ఉన్నారు. నెల్సన్ మండేలా జైలులో ఉంటూనే దూరవిద్య ద్వారా 1989లో న్యాయశాస్త్ర పట్టా పొందారు.

అమెరికా ఈ ఆలోచనను ఇంకొంత ముందుకు తీసుకుపోయింది. అక్కడ 1967 నుంచి నడుస్తున్న ‘క్లెప్’ పరీక్షల్లో ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో పరీక్ష ఉంటుంది. ఉత్తీర్ణులైతే, ఆ సబ్జెక్టును తరగతిలో కూర్చొని చదివినట్టే లెక్కించి కళాశాలలు క్రెడిట్లు ఇస్తాయి. పని చేసుకునే పెద్దల కోసమే 1970ల ఆరంభంలో న్యూయార్కు, న్యూజెర్సీ రాష్ట్రాలు ప్రత్యేకంగా కళాశాలలు నెలకొల్పాయి. సైనికుల పరీక్ష రుసుమును ప్రభుత్వమే భరిస్తుంది. ఎక్కడ నేర్చుకున్నా నేర్చుకున్నది నేర్చుకున్నదే, దానికి లెక్క కట్టాలి అన్నది అందులోని సూత్రం.

ఈ సూత్రానికి మన దేశంలో మరొక కోణం ఉంది. అది కులం. జవాబుపత్రం మీద హాల్ టికెట్ నంబరే ఉంటుంది. దిద్దేవారికి ఆ నంబరు కూడా కనబడకుండా మరో అంకె వేస్తారు. ఆ కాగితానికి ఇంటిపేరు లేదు, ఊరు లేదు, వాడ లేదు. తరగతి గదిలో ఇవన్నీ ఉన్నాయి. ఇంటర్నల్ మార్కులు, ప్రాక్టికల్స్, మౌఖిక పరీక్ష అన్నీ ముఖం చూసి వేసేవే. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో వివక్షపై వచ్చిన ఆరోపణలను విచారించి సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక, ప్రాక్టికల్స్‌లోనూ మౌఖిక పరీక్షల్లోనూ తమకు అన్యాయం జరుగుతోందన్న దళిత, ఆదివాసీ విద్యార్థుల గోడును నమోదు చేసింది. కాబట్టి ముఖం చూడని పరీక్ష మా పిల్లలకు ఒక సౌకర్యం మాత్రమే కాదు, ఒక రక్షణ కూడా.

అయితే కులం అంత తేలికగా ఓడిపోదు. జవాబుపత్రం మీద దొరకని కులాన్ని అది పట్టా మీద వెతుక్కుంది. చిన్నాయన పట్టా చేతికి వచ్చేనాటికి విశ్వవిద్యాలయం పేరు మారింది. 1991లో, అంబేడ్కర్ శతజయంతి సంవత్సరంలో, దానికి ఆ మహనీయుని పేరు పెట్టారు. పదోన్నతి కోసం ఆ పట్టా పట్టుకొని ఒక కార్యాలయానికి వెళితే అక్కడి అధికారి దాన్ని తిప్పి చూసి, “ఓహో, అంబేడ్కర్ డిగ్రీనా” అని నవ్వాడట. ఆ మాటలో రెండు వెక్కిరింపులున్నాయి. ఒకటి చదువు మీద, ఇంకొకటి చదివినవాడి మీద. చిన్నాయన నాతో ఆ సంగతి చెప్పింది పాతికేళ్ళ తరువాత, ఉద్యోగ విరమణ రోజున. డబ్బు పోసి సీటు కొనుక్కొని హాజరు లేకుండానే ‘రెగ్యులర్’ అనిపించుకున్న డిగ్రీని చూసి ఎవరూ అలా నవ్వగా నేను వినలేదు.

వెక్కిరింపు ఒక ఎత్తు, నిబంధన ఒక ఎత్తు. 1985 నాటి యూజీసీ నిబంధనలు, ముందు చదువు ఆధారాలు లేనివారు కూడా నిర్ణీత వయసు దాటితే ప్రవేశ పరీక్ష రాసి దూరవిద్య డిగ్రీలో చేరవచ్చునన్నాయి. క్రమంగా ఆ తలుపు సన్నబడింది. మొదటి డిగ్రీ లేకుండా సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి పొందిన పీజీ పట్టా చెల్లదని 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ తీర్పు పరిధి పీజీదే అయినా, పది, ఇంటర్, డిగ్రీ అనే వరుస తప్పిన ప్రతి పట్టానూ అనుమానంగా చూసే ధోరణి దాని తరువాత బలపడింది. వరుస తప్పేది ఎవరికి? పదిహేనో ఏట తండ్రి అప్పుకు కూలిగా మారిన పిల్లకు, పదహారో ఏట పెళ్ళి చేసిన పిల్లకు. వరుస అనేది నిచ్చెన పైమెట్ల మీద పుట్టినవారికే సహజం.

ఇక ఖర్చు మాట. రాష్ట్ర విభజనతో ఈ విశ్వవిద్యాలయం పదో షెడ్యూలు సంస్థ అయింది. ప్రధాన కేంద్రం హైదరాబాదులోనే ఉండిపోయింది. విభజన జరిగి పదేళ్ళు నిండినా ఆంధ్రప్రదేశ్ తనకంటూ ఒక సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పుకోలేదు. రాజధాని గురించి జరిగినన్ని చర్చల్లో పదో వంతైనా దీని గురించి జరగలేదు. ఎందుకంటే ఇక్కడ చదివేవారి తరఫున మాట్లాడే వర్గం లేదు. బోధన రుసుము చెల్లించే పథకాల్లోనూ అదే తీరు. జగనన్న విద్యా దీవెన మార్గదర్శకాలు దూరవిద్య అభ్యర్థులను అనర్హులుగా పేర్కొన్నాయి. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలకు వేల రూపాయలు కట్టే ప్రభుత్వం, మిరప కోతకు పోతూ చదువుకునే పిల్ల పరీక్ష రుసుము మాత్రం కట్టదు.

కొత్త విధానాల్లో మాటలకు కొదవలేదు. 2020 జాతీయ విద్యావిధానం, 2021లో వచ్చిన అకడమిక్ క్రెడిట్ బ్యాంకు, 2023 నాటి జాతీయ క్రెడిట్ చట్రం అన్నీ ఎక్కడ నేర్చుకున్నా గుర్తిస్తామంటాయి. ‘స్వయం’ కోర్సుల ద్వారా 40 శాతం వరకు క్రెడిట్లు పొందవచ్చునంటాయి. అయితే ఆ 40 శాతం ఇప్పటికే ఒక కళాశాలలో పేరు ఉన్నవారికే. బ్యాంకులో ఖాతా తెరవాలంటే ముందు చేతిలో రూపాయి ఉండాలి గదా. కళాశాల గడప తొక్కని మనిషి నేరుగా ఒక సబ్జెక్టు పరీక్ష రాసి క్రెడిట్ సంపాదించే ఏర్పాటు మన డిగ్రీ చదువుల్లో ఇంకా నిలదొక్కుకోలేదు.

ఇంతవరకు పరీక్ష పక్షాన వాదించాను. ఇప్పుడు దాని ప్రమాదం కూడా చెప్పాలి. పరీక్ష ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోవడం పాలకులకు ఎంతో చౌక బేరం. భవనం అక్కర్లేదు, అధ్యాపకుడు అక్కర్లేదు, గ్రంథాలయం అక్కర్లేదు. ‘నీకు తలుపు తెరిచే ఉంచాం, రాలేకపోవడం నీ లోపం’ అనవచ్చు. పుస్తకం లేని ఇంట్లో, సందేహం తీర్చే మనిషి లేని వాడలో, తెరిచిన ఆ తలుపు వల్ల ఒరిగేది తక్కువ. అంతేకాదు, తరగతి గది పెద్దకులాలకు, పరీక్ష హాలు చిన్నకులాలకు అనే కొత్త విభజన రావచ్చు. విశ్వవిద్యాలయంలో తోటివారితో వాదించడం, ఎన్నికల్లో నిలబడటం, ప్రశ్నించడం నేర్చుకుంటాం. నేను మనిషినైంది అక్కడే. దాన్ని ఏ పరీక్షా ఇవ్వలేదు.

ఈ చిక్కుముడికి సమాధానం అంబేడ్కర్ ఆచరణలోనే ఉంది. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించి, మరుసటి ఏడు బొంబాయిలో సిద్ధార్థ కళాశాల తెరిచినప్పుడు ఆయన పని చేసుకునే యువకులను దృష్టిలో పెట్టుకున్నారు. వారిని ఇంట్లో కూర్చొని పరీక్షలు కట్టుకోమనలేదు. ఉద్యోగానికి పోయేలోపు చదువుకునేలా ఉదయపు తరగతులు పెట్టారు. శ్రామికుణ్ణి కళాశాల గడియారానికి లొంగదీయలేదు, కళాశాల గడియారాన్నే శ్రామికునికి అనుగుణంగా తిప్పారు. చవక డిగ్రీ గురించి మాట్లాడేవారు నేర్చుకోవలసినది ఇదే.

అందుకే నా ప్రతిపాదనలు ఇవి. ఆంధ్రప్రదేశ్‌కు సొంత సార్వత్రిక విశ్వవిద్యాలయం కావాలి, దానికి వెనుకబడిన జిల్లాల్లో ప్రాంతీయ కేంద్రాలుండాలి. పెద్ద వయసు అభ్యర్థులకు అర్హత పరీక్షను గౌరవప్రదంగా పునరుద్ధరించాలి, అలా పొందిన పట్టా నియామకాల్లో చెల్లుతుందని ఉత్తర్వు ఇవ్వాలి. కొన్ని మౌలిక సబ్జెక్టులతో మొదలుపెట్టి, నేరుగా పరీక్ష రాసి క్రెడిట్లు పొందే అవకాశం కల్పించాలి. ఎస్సీ, ఎస్టీ, వలస కూలీల కుటుంబాల అభ్యర్థులకు ప్రవేశ రుసుము, పరీక్ష రుసుము మాఫీ చేయాలి. ప్రతి మండలంలో సాయంత్రం వేళ ఖాళీగా ఉండే ప్రభుత్వ పాఠశాలలోనే ఒక గది, కొన్ని పుస్తకాలు, గౌరవ వేతనంతో ఒక అధ్యాపకుణ్ణి ఏర్పాటు చేయాలి. పనులు లేని నెలలు చూసి పరీక్షల తేదీలు నిర్ణయించాలి. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం ఇదే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పనిని హక్కుగా ప్రకటించిన నేల నుంచే చదువును హక్కుగా అడగటం అత్యాశ కాదు.

ఆ అమ్మాయికి ఆ రోజు నేను చెప్పగలిగింది ఇంతే. ముందు ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ కట్టమన్నాను, ఆ తరువాత డిగ్రీ దారి చూద్దామన్నాను. లెక్క వేసుకొని, “అంటే ఐదేండ్లు గదా అన్నా” అంది. అవునన్నాను. “ఐదేండ్లయినా ఫర్వాలేదు. ఆ కాగితం చూపిస్తే నన్ను లోపలికి రానిస్తారా?” అని అడిగింది.

ఆమె చదువు గురించి అనుమానపడలేదు. అనుమానమంతా మన మీదే. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసింది ఆమె కాదు. పట్టా తిప్పి చూసి నవ్వే ప్రతి కార్యాలయం, ఆ నవ్వును విని మౌనంగా ఉండే నాబోటి ప్రతి అధ్యాపకుడు చెప్పాలి.