కోడ్ ఉచితమే, సర్వర్ బిల్లు ఎవరు కడతారు?

బీటెక్ మూడో ఏడాదిలో నలుగురం మిత్రులం కలిసి ఒక చిన్న వెబ్‌సైట్ తయారు చేశాం. భిలాయ్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బడిలో నేర్చుకునేది హిందీ లిపి. అందుకే దేవనాగరిలో టైపు చేస్తే పక్కనే తెలుగు లిపిలో కనిపించేలా, అక్షరం నొక్కితే పలికేలా చేశాం. కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్ లైసెన్స్‌తో బయట పెట్టాం. మా సెక్టార్‌లో పదిహేను ఇళ్లలో వాడేవారు.

ఏడాదిన్నర తర్వాత ఒకరోజు మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, బాబు అక్షరాలు నేర్చుకునేది తెరుచుకోవట్లేదేంట్రా?" చూస్తే సైట్ లేదు. డొమైన్ మాలో ఒకడి పేరు మీద ఉంది, సర్వర్ బిల్లు వాడి కార్డు మీద ఉంది. వాడికి పుణేలో ఉద్యోగం వచ్చింది, కార్డు మారింది, రెన్యువల్ మెయిళ్లు పాత కాలేజీ ఐడీకి వెళ్లాయి. కోడ్‌లో ఒక్క లైను కూడా పోలేదు. పోయింది పిల్లలు దాచుకున్న పదాల జాబితాలు. తప్పు వాడిది కాదు, నలుగురి బరువు ఒక్కడి మీద పెట్టిన మా అందరిదీ.

జీఎస్ పేపర్-3లో ఓపెన్ సోర్స్ గురించి రాసేటప్పుడు మనం అందరం ఒకే వాక్యం రాస్తాం: "ఖర్చు తక్కువ, పారదర్శకత ఎక్కువ, స్వావలంబనకు మార్గం." అది సగం నిజం. కోడ్‌ను కాపీ చేసుకోవడానికి ఖర్చు లేదు. కానీ దాన్ని నడిపే సర్వర్, డొమైన్, బ్యాకప్, భద్రతా అప్‌డేట్లు, అర్ధరాత్రి సైట్ పడిపోతే లేచి చూసే మనిషి, వీటన్నిటికీ ఖర్చుంది. ఈ భాగాన్ని ప్రాజెక్టులు విడివిడిగా మోయకుండా కలిసి మోయాలన్నది నా వాదన.

మా ఊరినే చూడండి. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఉక్కు కోసం ఫర్నేస్ కట్టినవాళ్లు దానితోపాటు టౌన్‌షిప్ కూడా కట్టారు. నీళ్లు, రోడ్లు, వీధి దీపాలు, ఆసుపత్రి అందులో భాగం. ఇంటికొక బావి తవ్వుకోమని ఏ కార్మికుడికీ చెప్పలేదు. ఓపెన్ సోర్స్‌లో మాత్రం ప్రతి చిన్న బృందమూ సొంత బావి తవ్వుకుంటోంది, లేదంటే ఏదో పెద్ద కంపెనీ ఉచితంగా ఇచ్చే నీళ్ల మీద బతుకుతోంది.

ఆ ఉచితానికి హామీ లేదు. వేల ప్రాజెక్టులకు చోటిచ్చిన గూగుల్ కోడ్ మూసివేతను 2015 మార్చిలో ప్రకటించారు, 2016 జనవరికి మూసేశారు. 2019లో అమెరికా ఆంక్షల కారణంగా ఇరాన్, సిరియా, క్రిమియాలోని డెవలపర్ల ఖాతాలపై గిట్‌హబ్ పరిమితులు పెట్టింది. కంపెనీలు తమ వ్యాపారం, తమ దేశ చట్టం ప్రకారమే నడుస్తాయి. దాన్ని తప్పుపట్టలేం. మన దగ్గర వేరే దారి లేకపోవడమే సమస్య.

వేరే దారి ఉంటుందనడానికి మన భాషలోనే ఉదాహరణ ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా సొంత సర్వర్ గదితో మొదలవ్వలేదు. 300కు పైగా భాషల వికీపీడియాలు ఒకే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌ను, వికీమీడియా ఫౌండేషన్ నడిపే ఉమ్మడి సర్వర్లను వాడుకుంటాయి. అనువాదానికీ అంతే. ట్రాన్స్‌లేట్‌వికీ అనే ఉమ్మడి వేదికలో మీడియావికీతోపాటు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటి ప్రాజెక్టుల బటన్లు, మెనూలు అనువదిస్తారు. ఒక తెలుగు వాలంటీర్ అక్కడ ఒక ఖాతా తెరిస్తే చాలు, ఎన్నో ప్రాజెక్టులకు పనిచేయవచ్చు. ప్రతి ప్రాజెక్టూ విడిగా అనువాద సైట్ పెట్టుకుంటే, మన భాషకున్న కొద్దిమంది వాలంటీర్లు లాగిన్లు గుర్తుపెట్టుకోవడంలోనే అలసిపోయేవారు. చిన్న భాషలకు ఉమ్మడి వ్యవస్థ ఎక్కువ అవసరం.

ఇక్కడ హార్డిన్, ఆస్ట్రోమ్ పనికొస్తారు. ఉమ్మడి పచ్చికను ఎవరికి వారు మేపుకుంటే అది నాశనమవుతుందని గారెట్ హార్డిన్ 1968లో రాశారు. కోడ్‌కు ఇది వర్తించదు, ఎంతమంది వాడినా అది తరగదు. కానీ సర్వర్ సామర్థ్యం తరుగుతుంది, నిర్వాహకుడి ఓపిక అంతకన్నా త్వరగా తరుగుతుంది. 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రోమ్ చూపించింది ఏమిటంటే, వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని, ఒకరి వాడకాన్ని ఒకరు గమనించుకుంటే ఉమ్మడి వనరు నిలబడుతుంది. సర్వర్‌కు అన్వయిస్తే: ఏ ప్రాజెక్టుకు ఎంత వాటా, బిల్లు అందరికీ కనిపించడం, తాళాలు కనీసం ముగ్గురి దగ్గర ఉండటం.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. అందరూ ఒకేచోట ఉంటే, అది పడిపోయిన రోజు అందరూ పడిపోతారు కదా? ప్రభుత్వం డబ్బిస్తే పెత్తనం కూడా చేస్తుంది కదా? రెండు భయాలూ సహేతుకమే. అందుకే బయటికి వెళ్లే హక్కు మొదటి నియమం కావాలి. వికీపీడియా మొత్తం సమాచారాన్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునే ఏర్పాటు ఉంది. నచ్చకపోతే కాపీ తీసుకుని వేరేచోట మొదలుపెట్టవచ్చు. ఆ హక్కు ఉన్నచోట పెత్తనానికి హద్దు ఉంటుంది.

విధానపరంగా మనం సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్ వాడకంపై కేంద్రం 2015లో విధానం తెచ్చింది, ప్రభుత్వ అప్లికేషన్ల కోడ్ పంచుకోవడానికి ఓపెన్‌ఫోర్జ్ వేదిక ఉంది. విద్యాసంస్థలను కలుపుతూ నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ ఉంది. 2016లో మొదలైన ఐఐటీ మా భిలాయ్‌లోనే ఉంది. ఇలాంటి సంస్థలు పౌరుల ప్రాజెక్టులకు కూడా కొంత సర్వర్ చోటు ఇచ్చి, నిర్వహణ మాత్రం వాడుకునే బృందాల ఉమ్మడి కమిటీకి వదిలేయాలి. కొత్త యాప్‌ల ప్రారంభోత్సవాలకు దొరికే డబ్బులో కొంత పాతవాటి నిర్వహణకు కేటాయించాలి.

పోయిన నెల మా సైట్‌ను మళ్లీ పెట్టాం. ఈసారి మరో రెండు చిన్న తెలుగు ప్రాజెక్టులతో ఒకే సర్వర్ పంచుకుంటున్నాం. పాస్‌వర్డ్‌లు ముగ్గురి దగ్గర ఉన్నాయి, బిల్లు అందరికీ కనిపించే షీట్‌లో ఉంది. పిన్ని కొడుకు ఇప్పుడు మూడో తరగతి. వాడి పదాల జాబితా మాత్రం మళ్లీ మొదటి నుంచే.

సాధన ప్రశ్న (250 పదాలు): "డిజిటల్ ఉమ్మడి వనరులకు అసలు ముప్పు అతి వాడకం కాదు, నిర్వహణ లేమి." చర్చించండి. రాసి చూడండి మిత్రులారా. నా వాదనతో విభేదిస్తూ రాస్తే ఇంకా మంచిది.